డాక్టరు గారి ముఖం మీది నా గుడ్డ విషయమై

ఆసుపత్రి సూపరింటెండెంటు గారి సముఖమునకు,

అయ్యా,

విషయం: నెలనెలా రక్తపోటు పరీక్షకు వచ్చు నా భార్యతో పాటు నన్ను కూడా గది లోపలికి అనుమతించుట గురించి, సదరు గదిలోని డాక్టరు గారు ధరించుచున్న మాస్కును స్వాధీనపరచుకొనుట గురించి.

నేను తమరి ఆసుపత్రి వెనక వీధిలో, ఇంటి ముందుగదిలోనే దుకాణం పెట్టుకుని బట్టలు కుట్టుకునే దర్జీని. చేతులు పొట్టిగా కుట్టానన్నవి తప్ప నా మీద ఇంతవరకు ఏ ఫిర్యాదులూ లేవు. నా బాధలను వరుసగా మనవి చేసుకుంటున్నాను.

1. ఈ మహమ్మారి రాక పూర్వము నా భార్యను పరీక్షకు ప్రతిసారీ నేనే తీసుకువచ్చేవాడిని. డాక్టరు గారు ప్రశ్న అడుగుట, నేను జవాబు చెప్పుట జరిగేది. "నిద్ర పడుతోందా అమ్మా?" అంటే "బాగా పడుతోందండీ" అని నేను. "ఉప్పు తగ్గించారా?" అంటే "తగ్గించిందండీ" అని నేను. పని చకచకా అయిపోయేది. ఆమె నోరు విప్పాల్సిన అవసరమే ఉండేది కాదు.

2. ఇప్పుడు రోగి ఒక్కరే లోపలికి రావలెనని తమరు ఉత్తర్వు ఇచ్చియున్నారు. తమరి ఉత్తర్వు నాకు శిరోధార్యము. కానీ నేను సైకిళ్ల స్టాండులో ఎండకు నిలబడి ఉండగా, లోపల జరిగేదేమిటో తమరికి తెలియదు. ఆ డాక్టరు గారి గది కిటికీ సరిగ్గా ఆ స్టాండు వైపే ఉన్నది. నేను కావాలని చూడలేదు. తల అటే తిరిగి ఉన్నది, అంతే.

3. ఇంట్లో ఉలకని, పలకని నా భార్య ఆ గదిలో చేతులు తిప్పుతూ మాట్లాడుట నా కళ్ళారా చూసితిని. డాక్టరు గారు ఏదో అంటారు. ఆమె ఆయన నోటివంకే చూస్తుంది. తరువాత భుజాలు కదిలేలా నవ్వుతుంది. అయ్యా, పెళ్ళయిన కొత్తలో ఆమె నా మాటలకు అట్లా నవ్వేది. రక్తపోటు పరీక్షలో నవ్వేందుకు ఏముంటుందో తమరే సెలవియ్యాలి. కాపలా మనిషి నా పక్కకొచ్చి, "మీ ఆవిడా డాక్టరుగారూ బాగా కలిసిపోయారండీ టైలరుగారూ, బయట జనం గోలపెడుతున్నా కబుర్లు ఆగవు" అన్నాడు. అతడు మంచికే అన్నాడు. నాకు మాత్రం ఒళ్ళు మండిపోయింది.

4. ఇంటి సంగతి కూడా తమరికి తెలియాలి. కొలతలకు జనం వస్తూ పోతూ ఉంటారు గనుక నేను పొద్దున లేచింది మొదలు పడుకునేదాకా మాస్కు తీయను. అది నా జాగ్రత్త. ఆమెతో మాట్లాడేది మిషను మీద నుంచి తలెత్తకుండానే అయినా, మాట్లాడుట మానలేదు. "ఆ నల్ల దారం అందుకో" అంటాను. ఆమె కిటికీలోంచి బయటకు చూస్తూ ఉంటుంది. ఇంకోసారి అంటాను. లేచి వంటింట్లోకి వెళ్ళిపోతుంది. నేను ఒక మనిషిని ఉన్నాననే ధ్యాసే లేదు. ఎప్పుడైనా తనంతట తాను నోరు తెరిస్తే ఒకటే మాట, "ఇంట్లోనైనా ఆ మాస్కు తీసెయ్యకూడదూ?" అని. రోగం ఎట్లా అంటుకుంటుందో నేను చాలాసేపు వివరించాను. అంతా అయ్యాక మళ్ళీ అదే మాట అడిగింది.

ఆమె మనసు ఎక్కడున్నదో నాకు తెలుసు. నేను అసూయపడుట లేదని రాద్దామనుకున్నాను గానీ, అర్జీలో అబద్ధం రాయకూడదు. పడుతున్నాను. అన్నం తింటుంటే కూడా ఆ తెల్లకోటే గుర్తుకొస్తున్నది. ఆ కోటుకు కాలరు సరిగా కూర్చోలేదు, అదొక్కటే నాకు కొంత ఊరట.

5. అసలు విషయము. పోయినసారి డాక్టరు గారు కిటికీ తెరుచుటకు లేచి వచ్చినప్పుడు ఆయన ముఖము దగ్గరగా కనబడినది. ఆ మాస్కు ఆసుపత్రిది కాదు. పసుపు మీద చిన్న ఆకుపచ్చ చుక్కలు. ఆ గుడ్డ నా భార్య జాకెట్టుకు నేను కత్తిరించగా మిగిలినది! మూతి దగ్గర గుండ్రంగా కోసి, కుట్టిన చొక్కాలకు నేను తొడిగే, లోపలిది కనబడే ప్లాస్టిక్కు ముక్కను అతికించి కుట్టినారు. పెదవులు రెండూ బయటకే కనబడుతున్నవి. ఇంటికొచ్చి వెతికితే ప్లాస్టిక్కు తానులో ఒక మూల కత్తిరించి ఉన్నది. నా గుడ్డ, నా ప్లాస్టిక్కు, నా మిషను. మూతి మాత్రం ఆయనది.

పెళ్ళయిన నాటినుంచి ఆమె నాకు ఒక్క గుండీ కుట్టి ఎరుగదు. "మీరే దర్జీ కదా" అనేది.

కావున తమరు దయతలచి: (అ) నన్ను గది లోపలికి అనుమతించవలెను. (ఆ) వీలుకానిచో నా భార్యను వేరే డాక్టరుకు, వీలయితే బాగా పెద్దావిడ ఎవరికైనా మార్చవలెను. (ఇ) సదరు మాస్కును వెంటనే విప్పించి నాకు స్వాధీనపరచవలెను.

చిత్తగించవలెను, చిత్తము లేకపోయినా ఒకసారి కిటికీ వైపు వచ్చి చూడవలెను.

తమ విధేయుడు,
సైకిళ్ల స్టాండులో నిలబడి ఉన్న దర్జీ

మరియొక మనవి: పై అర్జీ రాయడం ముగించి, టీ తాగడానికి మాస్కు కిందకు లాగాను. ఆమె ఎదురుగా కూర్చుని ఉంది. కడుపులో దాచుకోలేక అడిగేశాను, "ఆ డాక్టరుకు మాస్కెందుకు కుట్టిచ్చావు?" అని.

ఆమె నా నోటివంక చూసి వెంటనే జవాబు చెప్పింది. "ఆయనేమంటున్నారో తెలియాలిగా. నాకు చెవులు వినిపించడం తగ్గి చాలా రోజులైందండీ. మూతి కదలడం చూసి నెట్టుకొచ్చాను. మాస్కులొచ్చాక అదీ పోయింది."

"మరి నాకెందుకు చెప్పలేదు?"

"చెబితే ఇంకా గట్టిగా అరుస్తారు. ఇప్పటికే వీధి వీధంతా వింటోంది."

"ఆయనకెలా తెలిసింది?"

"ఏదో అడిగారు, నేను పలకలేదు. మళ్ళీ అడిగారు. నా బదులు చెప్పడానికి పక్కన మీరు లేరుగా. అప్పుడాయన కిటికీ దాకా వెనక్కెళ్ళి, మాస్కు దించి మెల్లిగా అడిగారు. నర్సు వచ్చి ఆయన్ని చివాట్లు పెట్టింది. పాపమనిపించి కుట్టాను."

"నవ్వావెందుకు మరి?"

"ఇంట్లో ఎలా నెట్టుకొస్తున్నారమ్మా అన్నారు. మీరు తలొంచుకుని మాస్కులోంచి ఏదో అంటుంటే నేను వంటింట్లోకి పారిపోవడం చేసి చూపించాను."

అయ్యా, టీ చల్లారిపోయింది. మేము చాలాసేపు మాట్లాడుకున్నాము. నిద్ర సరిగా పట్టడం లేదట. నేను ఇన్నాళ్లూ బాగా పడుతోందని చెబుతూ వచ్చాను.

కావున (అ), (ఆ) కోరికలను రద్దు చేసుకుంటున్నాను. ఆమె చెవుల పరీక్షకు కూడా రాయమని డాక్టరు గారికి చెప్పవలసినది. నేను బయటే నిలబడతాను.

(ఇ) మాత్రం వదులుకోను. డాక్టరు గారికి అలాంటిదే కొత్తది, ఇంతకంటే మంచి కుట్టుతో, ఈ అర్జీతో జతపరుస్తున్నాను. ముక్కు కొలత కిటికీలోంచి అంచనా వేశాను, సరిపోతుంది. ఆమె కుట్టింది వంకరగా ఉన్నా సరే, అది నాకే ఇప్పించవలెను. ఉతికించి పంపనక్కరలేదు, నేనే ఉతుక్కుంటాను. దుకాణంలో జనం ఉండగా ఆమె వచ్చి ఏదైనా అడిగితే, నేను చెప్పే జవాబు ఆమెకు కనబడాలి.