నక్క పాఠం, ఆవు బొమ్మ

అన్నా,

నువ్వు పోయి నేటికి సంవత్సరం. ఈరోజే మా బేతంచెర్ల బడికి ఇన్‌స్పెక్టరు వచ్చి, నీ కూతురు కుమారిని పాఠం చదవమన్నాడు. మా బడిలో ఒకరు చెబితే అందరూ గొంతు కలపడమే చదువు. అలా విని నేర్చుకున్న నక్క పాఠాన్ని కుమారి ఒక్క మాట తప్పకుండా చెప్పేసింది. చేతిలో తెరిచి పట్టుకున్నది మాత్రం ఆవు బొమ్మ ఉన్న పాఠం.

"సార్, ఈ పిల్ల చదవడం లేదు. కొత్త పాఠమిస్తే ఒక్క ముక్క రాదు. తెలివి లేక కాదు, అక్షరాలే పట్టుబడటం లేదు," అన్నాను.

హెడ్‌మాస్టరు నవ్వాడు. "ఏం టీచరమ్మా, పుస్తకం చూడకుండానే చెప్తాండాది, ఇంకేం కావల్ల?"

ఇన్‌స్పెక్టరు భేష్ అని వెళ్లిపోయాడు. నాకు ఒళ్లు మండిపోయింది.

చిన్నప్పుడు నిన్నూ ఇలాగే మెచ్చుకున్నారు. పలక మీద రాయమన్న రోజున మొద్దువని కొట్టి బడి మాన్పించారు. నువ్వు రాళ్ల గనికి పోయావు. కుమారిని పోనివ్వను. రోజూ సాయంత్రం ఇసుకలో వేలితో అక్షరాలు దిద్దిస్తున్నాను.

ఇందాక అడిగింది: "అత్తా, నాయనకు గూడా ఇట్లే ఉండెనా?"

అవునన్నాను. నువ్వు బతికున్నా ఈ ఉత్తరం నీకు నేనే చదివి వినిపించాలి కదన్నా.