ఎండకు లొంగని నలుపు

అన్నా,

నా మనవరాలు ఉన్ని మీద పరిశోధన చేస్తానంటే, "గొర్రెకు తెలీనిది ఈ పిల్లకేం తెలుస్తాదే?" అని నవ్వావు. అది తప్పు. గొర్రెకే అంత తెలిసుంటే ట్రాక్టర్ సీటు మీద నీ నల్ల గొంగడి బెల్లం రంగుకు తిరిగేది కాదు.

నువ్వు పోయాక వదిన దాన్ని ఏటా మిద్దె మీద ఆరేస్తోంది. ఎండబెట్టకపోతే పురుగు కొడుతుంది, ఎండబెడితే పోగులు పెళుసెక్కి రాలుతున్నాయి. ఇప్పుడు పిల్ల దానికి మందు కనిపెట్టింది. జింకును కంటికి కనపడనంత సన్నటి నలుసులు చేసి ఉన్నికి పూస్తే, ఎండలోని చెరుపును అవే అడ్డుకుంటాయట. కొత్త గొంగడి తెచ్చి, సగానికే పూసి, ఎండాకాలమంతా మన ఊరు దేశనూరులో నీ ట్రాక్టర్ మీదే పరిచింది. బళ్ళారి ఎండను మించిన పరీక్షాధికారి ఎవరు? పూయని సగం ఎర్రబారింది. పూసిన సగం కాటుకలా నిలిచింది. బళ్ళారిలో మా బ్రూస్‌పేట వీధుల్లో ఎదురైన ప్రతివారికీ చూపించి విసిగించాను.

వదిన కూడా చేత్తో తడిమి చూసింది.

"పాపా, ఆయప్ప గొంగడికీ పుయ్యి."

"ముందు ఉతకాలవ్వా."

"ఉతికితే ఆయప్ప వాసన పోతాది గదా?" అంటూ గొంగడిని మళ్ళీ పెట్టెలో పెట్టేసింది.

కాబట్టి నీకో చిన్న పని. వదిన కలలోకి పోయి, ఉతకనివ్వమని చెప్పిరా. నా మాట ఆమె ఎప్పుడు వినింది గనక! మరీ తియ్యగా మాట్లాడొద్దు, నువ్వు కాదనుకుంటుంది.