పదో గడి

ఉప్సలా,
సోమవారం

చెల్లి టూరాకు, అక్క ముద్దులతో,

ఇక్కడ అందరూ కులాసాగానే ఉన్నారు, నేను తప్ప. మంచు తవ్వి తవ్వి నడుం పట్టేసిందని మీ బావ మూలుగుతున్నాడు. మూలుగుతూనే రేపు మీ లూలియోకి రైలెక్కుతాడు. ఈ ఉత్తరం ఆయన చేతికే ఇస్తున్నాను. నువ్వు పంపిన జామ్ అందింది. మూత తీయడానికి మనసొప్పలేదు.

కిందటి ఉత్తరంలో అడిగావు కదా, అమ్మ కుట్టుమిషన్ నా దగ్గరే ఉంది. ఈస్టర్‌కి వస్తామో లేదో తెలీదు. ఇక నీ బంగారుతల్లి సిగ్నె చేతిలోంచి చెంచా జారిపోతున్న సంగతి. దానికి జవాబు రాయలేక నాలుగు రోజులుగా కాగితాలు చింపుతున్నాను. ఫోన్ చేస్తే నీ గొంతు వినగానే మళ్ళీ "ఏం కాదులేవే" అనేస్తాను.

ఒంట్లో ప్రోటీన్ల తయారీని మొదలుపెట్టే ప్రోటీనే సిగ్నెకి తక్కువని నీకు చెప్పక్కర్లేదు. కొత్త మందు దాన్ని పెంచుతోందా లేదా అని ఈ జబ్బున్న పిల్లల రక్తంలో చూసేది నేనే. అందుకు కుందేలు రక్తం నుంచి తీసిన యాంటీబాడీ వాడతాం. అది ఆ ప్రోటీన్‌ని వెతికి పట్టుకుంటే పలక మీద, ఆ రక్తం వేసిన గడిలో, నల్లటి గీత పడుతుంది. సిగ్నె గీత నెలనెలా చిక్కబడుతోందనే నీకు రాస్తూ వచ్చాను.

ఆ కుందేలు శరదృతువులో చచ్చిపోయింది. దాని యాంటీబాడీ ఉన్న పాత సీసా అడుగంటింది. కొత్త కుందేలు సీసాని పాతదాంతో పోల్చి చూడాలని, ఆ ప్రోటీన్ అసలే లేకుండా పెంచిన కణాల్ని ఒక గడిలో వేశాను. అక్కడ గీత పడకూడదు. పాత సీసాతో పడింది టూరా, కాటుక గీసినట్టు.

కాఫీ వేళ మా ల్యాబ్ పెద్దాయన బెర్టిల్‌కి చూపించాను.

"సరిగ్గా కడగలేదేమోనమ్మా. మళ్ళీ చెయ్యి," అన్నాడు బన్ను నములుతూ.

"మూడుసార్లు చేశాను."

"అయితే నాలుగోసారి చెయ్యి. నెలాఖరు సమావేశం అయ్యేదాకా మాత్రం నోరు మెదపకు."

"గురువారం నుంచి పిల్లలకి మోతాదు రెట్టింపు చేస్తున్నారు కదా!"

"గీతలు బాగున్నాయనే కదా చేస్తున్నారు," అన్నాడు. బన్ను సగంలో వదిలేశాడు. ఆ తర్వాత నా వైపు చూడలేదు.

ఆ యాంటీబాడీ ఇన్నాళ్ళూ వేరే దేన్నో పట్టుకుంటోంది. మందు మేలు చేస్తోందో కీడు చేస్తోందో చెప్పే కొలత మా దగ్గర లేదు. నాకు భయంగా ఉంది.

నీకు ఇన్నాళ్ళూ చెప్పనిది ఒకటుంది. పలకకి పదే గళ్ళు. పదోది, యాంటీబాడీ నిజమే చెబుతోందా అని చూసుకోడానికి, ఆ ప్రోటీన్ లేని కణాలకని పెట్టింది. రెండేళ్ళ కిందట, తొమ్మిదిమంది పిల్లలతో జాబితా నిండిందని సిగ్నెని పక్కన పెట్టారు. "ఏమీ కనిపించని గడి కోసం ఒక బిడ్డని వదులుకుంటామా?" అని పోట్లాడింది నేనే. అందరూ సరేనన్నారు. పదో గడిలోకి సిగ్నె రక్తం వచ్చింది. అప్పటి నుంచీ ఆ కణాల్ని ఎవరూ వేయలేదు.

గురువారం కొత్త మోతాదు మొదలుపెట్టకు. ఈ ఉత్తరం మీ డాక్టరుకి చూపించు, నా పేరు దాచొద్దు. మిగతా తొమ్మిదిమంది పిల్లల డాక్టర్లకీ ఇవాళే రాశాను. ఉద్యోగం పోతే పోనీ.

చెంచా గురించి నువ్వు మొదటిసారి రాసినప్పుడు నీది చాదస్తమన్నాను. కిందటి నెల సిగ్నె పంపిన ఇంటి బొమ్మ నా బల్ల మీదే ఉంది. గోడల గీతలు వణికి వంకర పోయాయి. పైకప్పు దాకా రాకుండానే ఆగిపోయాయి. రోజూ ఆ బొమ్మ పక్కనే కూర్చుని, నా పలక మీది గీతలు చూసి నీకు ధైర్యం చెప్పాను.

ఇట్లు,
నీ మాట నమ్మని అక్క,
హెడ్విగ్