మూడో పిలుపు

ధర్మపురి,
12-7-2006

లక్ష్మణ బావకు,

మీరు మా తమ్ముడు గోకుల్‌కు ఇచ్చిన కరెంటు గిటారును వెంటనే వచ్చి తీసుకుపోండి. వాడు దాని మెడను చేత్తో వంచి, తీగ "అక్కా" అని సాగేలా మోగించి నన్ను ఏడిపించేవాడు, గుర్తుందా?

వాడు హొగేనక్కల్ జలపాతంలో మునిగి చనిపోయి నెల కాలేదు. కరెంటు పెట్టకుండానే, గోడకున్న గిటారు రోజూ మధ్యాహ్నం రెండుసార్లు అలాగే పిలుస్తోంది. దెయ్యం రెండుసార్లే పిలుస్తుందని, మూడో పిలుపుకే పలకాలని అవ్వ చెప్పేది కదా. నేను పలకలేదు.

నిన్న మూడోసారి పిలిచింది. అమ్మ వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చి, "వచ్చినావా నాయనా?" అని పలికింది.

అప్పటినుంచి గిటారు మోగలేదు. అమ్మే నన్ను, మాట చివర సాగదీసి, "అక్కా" అని పిలుస్తోంది.