మామూలు డాక్టరు ఎవరు?

మార్చి 3
నిపుణురాలిగా సాక్ష్యం చెప్పమని కోర్టు నుంచి పిలుపు. బట్టలు కుట్టుకునే ఒకావిడ తలనొప్పి, వాంతులతో వీధి చివరి క్లినిక్కి వెళ్లింది. డాక్టరు మైగ్రేన్ అని మాత్రలిచ్చి పంపాడు. అసలు జబ్బు కంటిది. లోపల ప్రెషర్ పెరిగి నరం దెబ్బతింది. కుడి కన్ను పోయింది. కంటి డాక్టర్ని కాబట్టి నాకు వినగానే అర్థమైపోయింది. ఆవిడ లాయరు అడిగేది అది కాదట. మామూలు డాక్టరైతే ఏం చేసేవాడో చెప్పాలట. ఈ మామూలు డాక్టరు ఎవరు? ఇన్నేళ్లలో నాకెక్కడా ఎదురుపడలేదు.

మార్చి 5
చెల్లిది కూడా చిన్న క్లినిక్కే. కూరలు తరుగుతుంటే ముగింపు దాచి కథ చెప్పాను. మైగ్రేనే, మాత్రలిచ్చి పంపుతాను, ఇంకేం చేస్తానక్కా అంది. ముగింపు చెప్పాను. కత్తి ఆగింది. అయ్యో, కన్ను చూడాల్సింది కదా అంది. మరి ఇందాక? ఇందాక నువ్వు చెప్పి చచ్చావా అని నా మీదే విరుచుకుపడింది.

మార్చి 6
ముగింపు తెలిస్తే అందరం నిపుణులమే.

మార్చి 9
హాస్పిటల్ క్యాంటీన్‌లో ఇంకొందరు డాక్టర్లని అడిగాను. అందరూ మాత్రలే అన్నారు. అందరూ చేస్తే అదే సరైనదైపోతుందా? ఒక పెద్దాయన మాత్రం టీ పక్కన పెట్టి, కన్ను ఎర్రగా ఉందా అన్నాడు. ఆ సంగతి నాకే తెలియదు!

మార్చి 14
ఆవిడని పరీక్షించాను. ఆ రోజు కన్ను ఎర్రబడిందట. లైటు చుట్టూ రంగుల వలయాలు కనిపించాయట. డాక్టరుకి చెప్పలేదా అన్నాను. ఆయన అడగలేదు, తలనొప్పికెళ్లి కంటి సంగతి ఎందుకు చెబుతానమ్మా అంది. ఇప్పుడు సూదిలోకి దారం కూతురే ఎక్కిస్తోందట.

మార్చి 20
కోర్టు. క్లినిక్కులో కంటి ప్రెషర్ కొలిచే మిషను లేదు కదా అని ఎదుటి లాయరు గుచ్చి గుచ్చి అడిగాడు. ఉండాలని నేననను. నాకు తెలిసినదంతా ఆ డాక్టరుకి తెలియాలనీ అనను. కానీ ఎర్రబడిన కన్ను చూడటానికి, ఎలా కనిపిస్తోందమ్మా అని అడగడానికి మిషను అక్కర్లేదు. ఏ డాక్టరైనా ఆ మాత్రం చెయ్యాలి. ఇదే చెప్పాను.
బయట వరండాలో ఆ డాక్టరు నా దగ్గరికి వచ్చాడు. కుర్రవాడే. ఆ రోజు జనం గుమ్మం దాటి నిలబడ్డారండీ, ఆవిడ నొప్పికి కళ్లు మూసుకునే ఉంది అన్నాడు. నమ్మాను. అయినా నా మాట మార్చుకోవాలనిపించలేదు.

ఏప్రిల్ 2
తీర్పు ఆవిడ వైపే వచ్చింది. మెట్ల దగ్గర నా చెయ్యి పట్టుకుంది. ఆయన చెడ్డవాడు కాదు కదమ్మా అంది. కాదన్నాను. అయితే జ్వరమొస్తే ఆయన దగ్గరికే వెళ్లొచ్చా, మా వీధిలో ఇంకెవరూ లేరు అంది.
వెళ్లమన్నాను.