ఎప్పుడూ ఇరవై ఒక్క డిగ్రీలే

గాబ్రొవో,
ఫిబ్రవరి 11

అక్కా,

నాన్న పోయిన నలభయ్యో రోజు ప్రార్థనకి నేనెందుకు రాలేదని నువ్వు మూడు ఉత్తరాల్లో అడిగావు. మూడుసార్లూ జ్వరమని రాశాను. నిన్న చర్చిలో నాన్న పేరున కొవ్వొత్తి వెలిగించబోతే రెండుసార్లు ఆరిపోయింది. అందుకే ఇవాళ కలం పట్టాను. నీకు ఫోనులో సరిగా వినపడదు. ఇది అరిచి చెప్పే మాటా కాదు.

ముందు మంచి మాటలు. దేవుడి దయవల్ల నా ఒంట్లో బాగానే ఉంది. నువ్వూ, బావా, మేకలూ కులాసా అనే అనుకుంటున్నాను. ఎర్ర మిరపకాయల పచ్చడి సీసా పగలకుండా చేరింది. మోకాళ్లకి ఏం వాడుతున్నావని అడిగావు. వేడి ఉప్పు మూటే. రోజుకి నాలుగుసార్లు మూడో అంతస్తు ఎక్కి దిగేదానికి అది మాత్రం ఏం పనిచేస్తుంది? నీ పని కింద కంప్యూటర్ ముందు కదా, పైకెందుకు ఎక్కుతున్నావనీ అడిగావు. అక్కడినుంచే చెబుతాను.

మా వృద్ధాశ్రమంలో ప్రతి గది తలుపు పైనా ఒక చిన్న పెట్టె ఉంటుంది. కంట్రోలర్ అంటారు. గది చల్లబడితే వేడినీళ్ల గొట్టం వాల్వు తెరుస్తుంది, వేడెక్కితే మూస్తుంది. ఏ గదిలో ఎన్ని డిగ్రీలో నాకు కింద కనిపిస్తుంది. సెప్టెంబరులో కొత్త సాఫ్ట్‌వేర్ పెట్టారు. పాత మోడల్ పెట్టెలతో దానికి పొసగదు. అరవై నాలుగు గదుల్లోనూ కొత్త మోడల్ బిగించాలన్నారు. వచ్చినవి యాభై మూడు. మూడో అంతస్తు ఉత్తరం వైపు పదకొండు గదులకి రాలేదు. తనిఖీవాళ్లు మాత్రం చెప్పిన రోజుకే వస్తున్నారు.

ఇంజనీరు పెంచో నా కుర్చీ వెనక నిలబడి, "ఆ పదకొండూ కూడా కొత్త మోడలేనని కంప్యూటర్లో కొట్టెయ్ రుసాల్కా" అన్నాడు.

"కావు కదండీ."

"ఏమిటీ, ఆ పెట్టె లేచి నిలబడి నేను ముసలిదాన్నని చెబుతుందా? మనం ఏం రాస్తే అదే. నెలలో అసలువి వస్తాయి."

పదకొండుసార్లు కొట్టాను అక్కా. తెరమీద అన్నీ పచ్చగా వెలిగాయి. తనిఖీ కాగితం కింద సంతకం నేనే పెట్టాను. పెంచో నవంబరులో ఉద్యోగం విరమించి ద్రాక్షతోట చూసుకుంటున్నాడు. పెట్టెలు రానే లేదు. పాత పెట్టెల మాట సాఫ్ట్‌వేర్‌కి అందక, ఆ పదకొండు గదులకీ తెరమీద ఎప్పుడూ ఇరవై ఒక్క డిగ్రీలే. బయట మంచు కురిసినా ఇరవై ఒకటే, ఎండ కాసినా ఇరవై ఒకటే. వాల్వులు మాత్రం వాటంతట అవి కదలవు. నేనే పైకెళ్లి చేత్తో తిప్పి వస్తున్నాను. ఎవరికైనా చెబితే భవనానికి ఇచ్చిన అనుమతి రద్దవుతుంది. ఈ చలిలో అరవై నాలుగుమందినీ తలో ఊరికీ తరలిస్తారు.

ఇంక అసలు సంగతి. కొస గదిలో త్సోంకా బామ్మ ఉంటుంది. ఎనభై ఆరేళ్లు, నోరు మాత్రం పదహారేళ్లది. నన్ను చూడగానే, "ఏమే, నీ పెట్టె నాకు హాయిగా ఉందంటోందా? అయితే దాన్నే వచ్చి నా మంచం మీద పడుకోమను" అనేది. డిసెంబరులో ఓ మధ్యాహ్నం ఉడికిపోతున్నానంది. ఆమె వాల్వు పూర్తిగా కట్టేసి, సాయంత్రం తెరుద్దామనుకున్నాను. ఆ మధ్యాహ్నమే నువ్వు నాన్న పోయారని కబురు పంపావు. ఉన్నపళంగా బస్సెక్కాను. నాన్నని సాగనంపి మూడో రోజు తిరిగొచ్చేసరికి ఆమె ఆసుపత్రిలో ఉంది. ఊపిరితిత్తులకి చలి పట్టింది.

మా అధికారిణి తెరకేసి వేలు చూపించి, "ఇరవై ఒకటి ఉంది, చూడండి. ఈవిడే కిటికీ తెరిచి పడుకుని ఉంటుంది" అంది. అందరూ నావైపు చూశారు. నేను నోరు మెదపలేదు. ఆ కిటికీకి మేకులు కొట్టారు.

మూడు వారాలకి బామ్మ తిరిగొచ్చింది. సగమైంది. నా చెయ్యి పట్టుకుని, "కిటికీ తీసినట్టు గుర్తే లేదే. బుర్ర పోయిందేమో, నీకు మాట తెచ్చాను" అని ఏడ్చింది. అప్పుడూ నోరు మెదపలేదు. నలభయ్యో రోజున నాకు జ్వరం లేదు అక్కా. తలగుడ్డ కట్టుకుని బస్టాండు దాకా వచ్చాను. మంచు మొదలైంది. ఆ పదకొండు గదులూ కళ్లలో మెదిలి వెనక్కి నడిచాను. నాన్న పేరున ఉడికించిన గోధుమలు నువ్వొక్కదానివే పంచావు. నన్ను క్షమించు.

మా చర్చి ఫాదర్ మెతోదీ దగ్గర తప్పు ఒప్పుకున్నాను. "దేవుడు విన్నాడమ్మా. ఆవిడ వినలేదుగా?" అన్నారు. ఇవాళ పొద్దున్నే వెళ్లి మంచం పక్కన మోకరిల్లి చెప్పాను. "బామ్మగారూ, కిటికీ మీరు తెరవలేదు. మీ బుర్ర చక్కగా ఉంది. వాల్వు నేనే కట్టేశాను."

కిటికీకి కొట్టిన మేకుల వంక చూసింది. "అంటే నేను వెర్రిదాన్ని కానన్నమాట" అంది. తిట్టిపోస్తుందనుకున్నాను. నా మణికట్టు పట్టుకుంది. "ఇంకెవరికీ చెప్పకే. నిన్ను పంపేస్తే పొద్దున్నే నా వాల్వు తిప్పేదెవరు?"

ఆ పట్టు ఎంతకీ వదల్లేదు. నేనే ఒక్కొక్క వేలూ విడదీసుకుని పక్కగదికి వెళ్లాను.

నాన్న మూడో నెల ప్రార్థనకి వస్తానని మాటివ్వలేను. ఈ ఉత్తరం వెనక పెట్టిన కాగితం మీద ఆ పదకొండు గదుల నంబర్లూ, వాటి అసలు మోడలూ రాసి సంతకం చేశాను. నిజం రాసి ఉన్నది అక్కడొక్కచోటే. దాచు అక్కా, చింపకు. బావతో సహా ఎవరికీ చూపించకు.

ఇట్లు,
నీ చెల్లెలు
రుసాల్కా