చీరల షాపులో మధ్యాహ్నాలు

ఏప్రిల్ 9, 2001

కూలర్ వెళ్ళిపోయింది. ఎస్.ఆర్. నగర్ హాస్టల్ కుర్రాళ్ళు వచ్చి ఎత్తుకుపోయారు, మెట్ల మలుపులో గోడకి గీరుకుంటూ. కింద ఇంటి ఓనరమ్మ గుమ్మంలో నిలబడి చూసింది. కొత్తది కొంటున్నారా అని అడిగింది. అవునండీ అన్నాను. ఎంత తడుముకోకుండా వచ్చిందో ఆ మాట నా నోట్లోంచి.

అమ్మేద్దామన్నది నేనే. ఆయన వద్దన్నారు. ఎండాకాలం, ఐదు నెలల పాప, పైన స్లాబు... ఆలోచించమన్నారు. ఇన్‌స్టిట్యూట్‌లో సగం జీతమే ఇస్తుంటే అద్దె ఎలా కడదామో అది చెప్పండి ముందు, అన్నాను. గట్టిగానే అన్నాను. ఆయన బూట్లు వేసుకుని, ఖాళీ బెంచీలకి జావా చెప్పడానికి వెళ్ళిపోయారు.

కూలర్ కాళ్ళ తుప్పు మరకలు నేల మీద ఉన్నాయి. రుద్దాను. పోలేదు.

ఏప్రిల్ 12

పొద్దున్న లేస్తూనే ఒకటే ధ్యాస — ఇవాళ ఏం మానెయ్యచ్చు. పేపరు మానేశాను. పనమ్మాయిని మానిపించాను. రెండో పాల ప్యాకెట్ మానేశాను. టీ పల్చనయింది, ఆయన గమనించారు.

అమ్మ కట్టి పంపిన సున్నుండలు మాత్రం బియ్యం డబ్బా వెనక దాచుకున్నాను. ఆయన వెళ్ళాక తింటున్నాను. పాలిచ్చే తల్లికి ఆకలి ఎక్కువ, నిజమే. దాచడం దేనికి? అడిగితే ఇవ్వాలని. ఛీ.

ఏప్రిల్ 15

కరెంటు లేదు. ఈ గదిలో కూర్చుంటే తల మీద పెనం పెట్టుకున్నట్టుంది. పాప మెడ నిండా, వీపు నిండా చెమటకాయలు. ఏడ్చి ఏడ్చి గొంతు బొంగురుపోయింది. అమీర్‌పేటలో చేతికిచ్చిన కరపత్రంతో విసిరాను. చంకలో పిల్ల ఉన్నా సరే, నన్నూ కంప్యూటర్ కోర్సులో చేరమని ఇస్తారు వాళ్ళు. విసరడానికి బాగానే ఉంది.

అత్తయ్య తణుకు నుంచి ఫోన్ చేశారట కింద ఓనరమ్మ ఇంటికి. కూలర్ వేస్తున్నారు కదా పిల్లకి, అని అడిగారట. వేస్తున్నారని ఆవిడే చెప్పింది.

ఏప్రిల్ 17

పంజగుట్టలో డాక్టరమ్మకి చూపించాను. మందు అక్కర్లేదు, చల్లటి చోట ఉంచండి చాలు, అంది. చాలట.

బయట బస్‌స్టాప్‌లో నీడ లేదు. వెనకే పెద్ద చీరల షాపు. పాపకి కొంగు కప్పి అటు జరిగాను, అంతే. వాచ్‌మన్ కొనడానికే వచ్చాననుకుని తలుపు తీశాడు. లోపలి చల్లగాలి మొహానికి తగిలింది. వెళ్ళాలనుకోలేదు... వెళ్ళాను.

పై అంతస్తు ఇంకా చల్లగా ఉంది. పట్టు చీరల సెక్షన్. సేల్స్ ఆవిడ వచ్చి ఏం చూపియ్యాలె మేడం అంది. నోటికొచ్చింది అనేశాను: పెళ్ళి చీరలు. మా ఆడపడుచు పెళ్ళి.

సునీతకి ఇంకా ఏ సంబంధమూ కుదరలేదు. వచ్చినవి రెండూ తప్పిపోయాయి. మూడోవాళ్ళు చూసి వెళ్ళి ఏ మాటా చెప్పలేదు. ఆ పిల్ల పెళ్ళి పేరు చెప్పి ఏసీలో కూర్చున్నాను.

పాప తెల్లటి పరుపు మీద చీరల పక్కన నిద్రపోయింది. ఎన్నాళ్ళకి పడుకుందో అలా, గుప్పెట్లు విప్పి.

ఏప్రిల్ 18

మళ్ళీ వెళ్ళాను.

ఏప్రిల్ 19

మళ్ళీ. గొడుగు వేసుకుని నడిచే వెళ్ళాను. ఆయన ఇన్‌స్టిట్యూట్ సందు దగ్గర గొడుగు మొహానికి అడ్డం పెట్టుకున్నాను. దొంగలా.

ఏప్రిల్ 23

ఆ సేల్స్ ఆవిడ పేరు రేణుక. నా వయసే ఉంటుంది. బోరబండ నుంచి వస్తుంది, బాబుని అత్త దగ్గర వదిలి. నేను మెట్లెక్కడం చూస్తే చాలు, పాపకి చోటు చేస్తుంది. పాలివ్వడానికి ట్రయల్ రూమ్ తీసి, బయట తను నిలబడుతుంది.

అబద్ధానికి కాళ్ళూ చేతులూ వచ్చేశాయి. పెళ్ళి శ్రావణంలో. అబ్బాయి బ్యాంకులో పని. అత్తగారు వాళ్ళు తర్వాత వస్తారు, నన్ను ముందు చూసి పెట్టమన్నారు. రేణుక అడుగుతూ ఉంటుంది, నేను చెబుతూ ఉంటాను. పెళ్ళివాళ్ళకి కూల్‌డ్రింక్ ఇస్తారట. ఇవాళ ఇచ్చింది. మొహమాటానికైనా వద్దనలేదు.

ఆకుపచ్చ గద్వాల చీర ఒకటి నా భుజం మీద వేసి అద్దం వైపు తిప్పింది. పాప పుట్టాక నన్ను నేను సరిగ్గా చూసుకోలేదు. బాగున్నాను. చాలా బాగున్నాననిపించింది. పాప కోసమే వెళుతున్నానని ఇక్కడ రాసుకుందామని కూర్చున్నాను. అది పూర్తి నిజం కాదు.

ఏప్రిల్ 28

ఆయన పాప మెడ చూసి, అరె, తగ్గిపోయాయే అన్నారు. తడి గుడ్డతో తుడుస్తున్నాను రోజంతా, అన్నాను.

నువ్వు చాలా కష్టపడుతున్నావు అన్నారు. తన కంచంలో ఉన్న చివరి కూరముక్క నాకు వేశారు. తిన్నాను.

మే 2

రేణుక పాపకని ఒక మూట ఇచ్చింది. కింద లైనింగ్ గుడ్డల దగ్గర మిగిలిన కాటన్ ముక్కలు, మెత్తగా ఉన్నాయి. ఇవి మస్తు పనికొస్తయి మేడం, మా బాబుకు గిట్లనే వాడిన, అంది. పాపకి నేను వేస్తున్న పాత చీర గుడ్డలు చూసినట్టుంది. ముతక అంచు ఒరుసుకుంటోందని నాకూ తెలుసు.

నా చీరలు కూడా చూసే ఉంటుంది. ఉన్న రెండు మంచి చీరలూ మార్చి మార్చి కట్టుకుపోతున్నాను. పెళ్ళివాళ్ళలా కనపడాలి కదా.

బయల్దేరేటప్పుడు ఒక మాట చెప్పింది. నాకు నచ్చినవన్నీ విడిగా పెట్టిందట, ఇంకెవరికీ చూపించడం లేదట. పెళ్ళి పార్టీ ఉంది సార్ అని మేనేజర్‌కి కూడా చెప్పిందట.

మే 3

వెళ్ళలేదు. వెళ్ళకూడదు ఇక.

మే 4

వెళ్ళాను. ఇంట్లో పొయ్యి వెలిగించాక పాప ఊపిరి కూడా వేడిగా తగిలింది.

మే 8

మేనేజర్ స్వయంగా వచ్చాడు. మర్యాదగానే అడిగాడు, పెద్దవాళ్ళు ఎప్పుడొస్తారు మేడమ్ అని. త్వరలో అన్నాను. ఆయన నా వైపు కాదు, రేణుక వైపు చూశాడు.

మేనేజర్ వెళ్ళాక ఆ గద్వాల చీర మడత పెడుతూ రేణుక నెమ్మదిగా చెప్పింది. "జూన్ల బాబుని ఇంగ్లీష్ మీడియంల ఎయ్యాలె మేడం. పెళ్ళి చీరలు అమ్మితే కమిషన్ ఇస్తరు ఇక్కడ. ఫీజుకు ఫికర్ లేదు, మీరున్నరు గదా."

మీరున్నరు గదా. నేను పాప టోపీ సర్దుతూ ఉండిపోయాను. టోపీ సరిగ్గానే ఉంది.

ఇంటికొచ్చాక తట్టింది. ఇన్ని రోజుల్లో ఒక్క చీర ధర కూడా అడగలేదు నేను. తోటకూర కట్ట దగ్గర బేరమాడి, వదిలేసి నాలుగడుగులు వేసి, పిలిచాక వెనక్కి వచ్చేదాన్ని. అక్కడ మాత్రం మహారాణిలా ఇది కాదు, అది తీయి అంటూ కూర్చున్నాను. కూలర్ అమ్మి మేం మిగుల్చుకున్నదంతా రేణుక నెత్తిన పెట్టాను.

మే 9

ఇంట్లోనే ఉన్నాం.

మే 11

ఇంట్లోనే. పాప మెడ మీద చెమటకాయలు మళ్ళీ వచ్చాయి.

మే 14

నిజం చెప్పేద్దామని వెళ్ళాను. దారంతా వాక్యాలు కూర్చుకున్నాను. మా ఇంట్లో కూలర్ లేదు రేణుకా, పాపకి వేడి పడలేదు, నన్ను క్షమించు.

రేణుక పైన లేదు. కింద, తలుపు దగ్గర లైనింగ్ గుడ్డల కౌంటర్‌లో ఉంది. తలుపు తీసినప్పుడల్లా రోడ్డు వేడి అక్కడికే కొడుతుంది. మేనేజర్ పక్కనే నిలబడి ఉన్నాడు. నేను నోరు తెరిచాను. ఆమె ముందే అనేసింది, ఆయనకి వినపడేలా.

"పెళ్ళి తప్పిపోయిందని సార్‌కి చెప్పిన మేడం. ఏం జేస్తం, మనసుల పెట్టుకోకుండ్రి."

మేనేజర్ అయ్యో అన్నాడు. ఈ రోజుల్లో అబ్బాయిల వాళ్ళు ఇలాగే ఉన్నారు మేడమ్, అన్నాడు. నేను... తల ఊపాను. అవునండీ అని కూడా అన్నాను. కళ్ళనీళ్ళు వచ్చాయి, అవి సునీత కోసమనుకున్నాడు ఆయన.

రేణుక తలుపు దాకా వచ్చింది. పాప బుగ్గ ముట్టుకుంది. గొంతు తగ్గించి, మీరు ఎండకే వస్తున్నరని నాకు ఎరికైంది మేడం, అంది. కోపంగా అనలేదు. ఇగ రాకుండ్రి, సార్ చూస్తుండు, అంది. వాచ్‌మన్ తలుపు తీశాడు.

చెప్పాల్సిన మాట నా నోట్లోనే ఉండిపోయింది. నన్ను కాపాడిందో, తనని కాపాడుకుందో... రెండూ అయ్యుంటాయి. ఫీజు సంగతి అడగలేదు నేను.

మే 15

సునీత మంచి పిల్ల. బారసాలకి పాప గౌను తనే కుట్టి తెచ్చింది, పెరిగాక కూడా సరిపోయేలా వదులుగా. పెళ్ళి కావాల్సిన పిల్ల గురించి ఎవరైనా అలాంటి మాట అంటే అమ్మ వెంటనే నోరు మూయిస్తుంది, తథాస్తు దేవతలుంటారని. నేను అవునండీ అన్నాను. దీపం పెట్టి దణ్ణం పెట్టుకున్నాను. ఏమని అడగాలో తెలియలేదు.

మే 19

కింద నుంచి ఓనరమ్మ కేకేసింది, మీ అత్తగారి ఫోన్ అని. పాపని చంకనేసుకుని పరిగెత్తాను.

సునీతకి సంబంధం కుదిరింది. ఆ మూడోవాళ్ళే. శ్రావణంలో ముహూర్తం. నా ఒళ్ళంతా తేలికయిపోయింది. నా మాట తగల్లేదు. చాలా సంతోషం అత్తయ్యా అన్నాను, మనస్ఫూర్తిగానే.

అప్పుడు చెప్పారు. చీరలు హైదరాబాద్‌లోనే కొందాం, సాఫ్ట్‌వేర్ కొడుకు ఉన్న ఊరు పెట్టుకుని ఇక్కడ కొంటే నలుగురూ నవ్వుతారు, వచ్చే ఆదివారానికి వస్తాం అన్నారు. "ఓపిగ్గా చూపించేవాళ్ళు కావాలమ్మా. నీకు తెలిసిన షాపు ఏదన్నా ఉందా?"

ఓనరమ్మ పక్కనే కూర్చుని చిక్కుడుకాయల ఈనెలు తీస్తోంది.

"లేదు అత్తయ్యా," అన్నాను.

మే 20

ఎందుకు లేదన్నాను?

మే 22

ఆయనకి అంతా చెబుదామని మొదలుపెట్టాను. షాపు అన్న మాట దగ్గరే ఆయన అందుకున్నారు. షాపు సంగతి తర్వాత, ముందు కూలర్ సంగతి చూడాలి, సగం జీతమని అమ్మకి తెలియకూడదు, సునీత పెళ్ళి అయ్యేదాకా అసలు తెలియకూడదు, అన్నారు. హాస్టల్ కుర్రాళ్ళని బతిమాలి రెండు రోజులకి కూలర్ అద్దెకి తెస్తారట. మా కూలర్ మాకే అద్దెకి.

నవ్వొచ్చింది. ఆయన నవ్వలేదు. నేను చెప్పవలసింది చెప్పలేదు.

మే 24

వాళ్ళని ఆ షాపుకే తీసుకెళితే... వాచ్‌మన్ నవ్వుతూ తలుపు తీస్తాడు. పాపని పేరు పెట్టి పిలుస్తారు. మేనేజర్ అత్తయ్యకి ఎదురొచ్చి, తప్పిపోయిన పెళ్ళి మళ్ళీ కుదిరిందా అమ్మా అంటాడు. సునీత ముందు. ఆ మాట ఎక్కడ పుట్టిందని అడుగుతారు, ఆ తర్వాత ఒక్కొక్కటే బయటపడుతుంది — కూలర్, జీతం, అన్నీ.

తీసుకెళ్ళకపోతే ఏమీ బయటపడదు. రేణుక లైనింగ్ గుడ్డల దగ్గరే ఉంటుంది. జూన్ వచ్చేస్తోంది.

లక్డీకాపూల్ అవతల ఇంకో పెద్ద షాపు ఉందని ఆయన అన్నారు. అక్కడికి వెళ్ళాలన్నా ఆటో పంజగుట్ట మీదుగానే వెళ్ళాలి.

మే 27

పొద్దున్నే దిగారు. అత్తయ్య కూలర్ ముందు కాళ్ళు చాపుకుని, ఎంత హాయిగా ఉంచావే పిల్లని అన్నారు. మెడ మీది కాయలు కనపడకుండా పాపకి కాలరు గౌను వేశాను. సునీత కుట్టిందే. అది చూసి మురిసిపోయింది. వదినా, నాకు ఆకుపచ్చ గద్వాల ఒకటి కావాలి, దొరుకుతుందా ఇక్కడ, అని అడిగింది. దొరుకుతుందన్నాను.

టిఫిన్లయ్యాయి. ఆయన ఆటో తేవడానికి వెళ్ళారు. అందరం పట్టమని, నేనూ అత్తయ్యా సునీతా వెళ్ళడమని నిర్ణయం. పాప తడిపింది. రేణుక ఇచ్చిన గుడ్డల్లో పొడిగా ఉన్నది ఒకటి వెతికి మార్చాను, ఇంకొకటి సంచీలో పెట్టుకున్నాను.

ఆటో వచ్చింది. అత్తయ్య కింద నుంచి పిలుస్తున్నారు. ఎక్కడికమ్మా అని డ్రైవర్ అడుగుతాడు. వాళ్ళిద్దరికీ ఈ ఊరు తెలియదు, చెప్పాల్సింది నేనే.